భయపడిన సందర్భాలు: లేవు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. టైలరమ్మ అంటే చాలు. అప్పటికీ గుర్తుపట్టకపోతే “అదేనండీ, కుక్కపిల్లల టైలరమ్మ” అనేవాళ్ళు. మందులషాపు పక్కన రెండు కుట్టుమిషన్లు పట్టేంత గది, వెనక వంటిల్లు, పైన పడకగది. ఆ వంటిల్లే పదకొండేళ్ళుగా ఒకదాని తర్వాత ఒకటి ఏడు కుక్కపిల్లలకు బడి.

ఊరి చివర చూపులేనివాళ్ళకు దారి చూపే కుక్కల్ని తయారుచేసే కేంద్రం ఒకటి ఉంది. రెండు నెలల పిల్లని అక్కడినుంచి తెచ్చి టైలరమ్మ చేతిలో పెడతారు. దానికి ఏడాదిన్నర వయసు వచ్చేదాకా ఆమె పెంచాలి. బస్సెక్కడం, జనంలో బెదరకుండా నడవడం, కుర్చీ కింద గంటలకొద్దీ మెదలకుండా పడుకోవడం, ఎదురుగా రొట్టె ముక్క పడ్డా ముట్టకుండా ఉండడం నేర్పాలి. ఆ తర్వాత వాళ్ళే తీసుకెళ్ళి ఆరు నెలలు అసలు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పాసైన కుక్కని అవసరమైనవాళ్ళకు అప్పగిస్తారు.

“ఇన్నాళ్ళు పెంచి ఎలా ఇచ్చేస్తారమ్మా?” అని జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరూ అడిగేవాళ్ళు.

“మీ బట్టలు కుట్టి మీకు ఇచ్చెయ్యట్లేదా? ఇదీ అంతే,” అనేది. అంతే కాదని ఆమెకు తెలుసు. పిల్లని పంపిన ప్రతిసారీ వారం రోజులు మిషన్ తొక్కేముందు కాలితో కింద తడుముకునేది, తోక మీద పెడల్ పడుతుందేమోనని.

ఆరో పిల్ల పరీక్ష తప్పింది. మెట్లు దిగాలంటే వణికిపోయేదట. ఆమెకు కబురు అందేసరికే ఎవరో పెంచుకుంటామని తీసుకెళ్ళారు. కేంద్రంవాళ్ళు ఆమెను ఒక్క మాట అనలేదు. అయినా కడుపున పుట్టిన పిల్లే ఫెయిలైనట్టు టైలరమ్మకు నాలుగు రోజులు ముద్ద మింగుడుపడలేదు. ఆ తర్వాత వచ్చినవాడే రాగి. రాగితీగ రంగులో మెరిసిపోతూ ఉండేవాడు. మొదటిరోజే వంటింట్లోకి వచ్చి, నాలుగు మూలలూ వాసన చూసి, ఇక ఇదే నా ఇల్లు అన్నట్టు ఆమె పాదాల మీద తల పెట్టి పడుకున్నాడు. ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పించుకునేవాడు కాదు. మాట పొదుపైన ఆమె భర్త కూడా, ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేసి వచ్చి, చేతికంటిన జిగురు కడుక్కోకుండానే ముందు వాడి తల నిమిరేవాడు.

వాడికి ఆరు నెలలున్నప్పుడు జరిగింది ఇది. భార్యాభర్తలిద్దరూ వాణ్ణి వెంటబెట్టుకుని లేసుల కొట్టుకు వెళ్ళారు. మధ్యాహ్నం భోజనానికి కొట్టు మూస్తున్నారు. యజమాని షట్టర్ లాగుతుంటే స్ప్రింగు తెగి, ఇనుపరేకు మొత్తం ఒక్కసారిగా దభేలున కిందపడింది. వాడి తోకకి బెత్తెడు దూరంలో. రాగి పెట్టిన కేక మనిషి కేకలా ఉంది. పట్టీ తెంపుకుని పరుగెత్తి, ఒక తోపుడుబండి కింద దూరాడు. అరగంట బతిమాలితేగానీ బయటికి రాలేదు. ఇంటికి మోసుకొచ్చాక కూడా వాడి వెన్ను జలదరిస్తూనే ఉంది.

ప్రతి శనివారం కేంద్రానికి ఒక కాగితం నింపి పంపాలి. ఎంత తిన్నాడు, ఎంత నడిచాడు, ఏం నేర్చుకున్నాడు. చివరి గడి: ఈ వారం భయపడిన సందర్భాలు.

“రాయి,” అన్నాడు భర్త.

“రాస్తే వచ్చి తీసుకుపోతారు. ఇంకా పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడలేదు వాడికి.”

“పోనీ. చూసి మళ్ళీ ఇస్తారేమో.”

“ఇవ్వకపోతే? ఆ భయం నేను మాన్పిస్తాను కదా. మానిపోయాక రాయడానికేముంటుంది?”

ఆయన ఏ విషయంలోనైనా రెండు మాటలకన్నా ఎక్కువ వాదించే మనిషి కాదు. టైలరమ్మ ఆ గడిలో ‘లేవు’ అని రాసింది. వాడి మీద ప్రేమతో రాసిందో, ఏడో పిల్ల కూడా తప్పిందన్న మాట పడలేక రాసిందో ఆమెకే తెలియదు. తర్వాత ఎన్నిసార్లు తనను తాను నిలదీసుకున్నా తేల్చుకోలేకపోయింది.

మాన్పించడానికి మాత్రం ఒళ్ళు దాచుకోలేదు. రోజూ పని ఆపి, మూసి ఉన్న షట్టర్ల ముందు వాణ్ణి కూర్చోబెట్టి బిస్కెట్లు పెట్టింది. చేత్తో రేకు మీద మెల్లగా తట్టి, మళ్ళీ పెట్టింది. రెండు నెలలకు వాడు షట్టర్ల పక్కనుంచి తోక ఊపుకుంటూ నడిచాడు. కానీ పైనుంచి ఒక్కసారిగా పడే చప్పుడు మాత్రం ఆమె వాడికి మళ్ళీ ఎన్నడూ వినిపించలేదు. ఆ కేక ఇంకోసారి వినే ధైర్యం ఆమెకే లేకపోయింది.

రాగి పరీక్షలో మొదటివాడిగా పాసయ్యాడు. అప్పగించే రోజు కేంద్రంవాళ్ళు ఆమెనూ పిలిచారు. వాణ్ణి తీసుకునేది ఒక టెలిఫోన్ ఆపరేటరు. యాభై దాటిన మనిషి, చూపు పోయి ఇరవై ఏళ్ళయింది. పక్కన ఆయన అక్క ఉంది.

“ఇరవై ఏళ్ళుగా మా అక్క భుజం పట్టుకుని ఆఫీసుకెళ్తున్నానండీ. ఆ భుజం ఇంత కిందికి దిగిపోయింది చూడండి,” అని ఆయన చేత్తో కొలత చూపించి నవ్వాడు. “ఇవాళ్టినుంచి ఆవిడకి రిటైర్మెంటు.”

అక్క నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని టైలరమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సాయంత్రం రాగికి శిక్షణ ఇచ్చిన ట్రైనరు షాపుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. క్రితం వారం బజారులో ఏదో గొడవ జరుగుతోందని పుకారు పుట్టి, వీధి వీధంతా కొట్లు టపటపా మూసేశారట. సరిగ్గా అప్పుడే ఆపరేటరు ఆఫీసునుంచి ఇంటికి నడుస్తున్నాడు. తల పక్కనే షట్టరు పడగానే రాగి వెనక్కి దూకి, ఆయన్ని లాక్కుంటూ పరుగెత్తాడు. ఆయన కాలిబాట అంచు దాటి కింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

“రాగి... వాడికేమైంది?” అని అడిగింది టైలరమ్మ. ఆ మాట ముందు వచ్చినందుకు తర్వాత ఎంతో సిగ్గుపడింది.

“దెబ్బలేం లేవు. కాసేపటికి తనే తిరిగొచ్చి ఆయన పక్కన కూర్చున్నాడట. అంబులెన్సు వాళ్ళని దగ్గరికి రానివ్వలేదు.” ట్రైనరు అడిగాడు. “అమ్మా, మీ దగ్గరున్నప్పుడు వాడు షట్టర్లకి ఎప్పుడైనా భయపడ్డాడా?”

“లేదు బాబూ.”

అతను తలూపాడు. “మీ కాగితాలన్నీ చూశాను. ఎక్కడా లేదు. అయితే తప్పు నాదే. నేను పగటిపూటే తిప్పాను, కొట్లు మూసే వేళ తిప్పలేదు. ఉద్యోగం ఉంచుతారో లేదో మరి.”

అతను వెళ్ళాక టైలరమ్మ చేతిలో ఉన్న చొక్కాకి కుడిచెయ్యి ఎడమవైపు కుట్టింది. విప్పి, మళ్ళీ అలాగే కుట్టింది. లోపలినుంచి భర్త వచ్చి మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. నాలుగు మాటలు అనుంటేనే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి కేంద్రానికి వెళ్ళి, పెద్దమేడమ్ ఎదుట నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. నిన్న చెప్పిన అబద్ధం కూడా చెప్పింది. ఆవిడ బీరువాలోంచి ఆమె కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

“పదకొండేళ్ళమ్మా,” అంది. “కొత్తగా వచ్చేవాళ్ళకి మీ కాగితాలు చూపించి, ఇలా నింపాలని చెప్పేదాన్ని.”

ట్రైనరు ఉద్యోగం నిలిచింది. పిల్లల్ని పెంచేవాళ్ళ జాబితాలోంచి టైలరమ్మ పేరు కొట్టేశారు. అక్కడినుంచి ఆమె తిన్నగా ఆస్పత్రికి వెళ్ళింది. వద్దని ట్రైనరు చెప్పినా వినలేదు.

ఆపరేటరు అంతా విన్నాడు. అక్క మాత్రం మధ్యలోనే లేచి నిలబడింది. “మీ ముచ్చటకి మా తమ్ముడు బలయ్యాడన్నమాట. ఆ రోజు మీ చేతులు పట్టుకున్నాను నేను,” అంది. గొంతు పెంచలేదు.

“ఉండక్కా,” అన్నాడు ఆపరేటరు. తర్వాత టైలరమ్మ గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. “మీరు అప్పుడే రాసుంటే నాకు వాడు వచ్చేవాడు కాదు కదా?”

“వచ్చేవాడు కాదు. ఇంకో కుక్క వచ్చేది.”

“ఎనిమిది నెలలు ఒక్కణ్ణే వెళ్ళి టీ తాగొచ్చానండీ. ఎవరికీ చెప్పకుండా. ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు.” ఆయన దుప్పటి పైకి లాక్కున్నాడు. “మిమ్మల్ని తిట్టాలని లేదు. అలాగని క్షమించానని అనడం కూడా నావల్ల కావట్లేదు. వాడు తింటున్నాడా?”

“తెలీదండీ. నేనింకా చూడలేదు.”

“చూసి చెప్పండి.”

పనికిరాదని తేలిన కుక్కని, దాన్ని పెంచినవాళ్ళు కోరితే వాళ్ళకే ఇచ్చెయ్యడం అక్కడి పద్ధతి. జాబితాలో పేరు లేకపోయినా పెద్దమేడమ్ ఆ పద్ధతి తప్పలేదు. అలా రాగి మళ్ళీ టైలరమ్మ వంటింటికి వచ్చాడు. పంపిన ప్రతి పిల్లా ఏదో ఒక రోజు తిరిగొస్తే బాగుండునని ఆమె లోలోపల కోరుకోని ఏడాది లేదు. ఇలా వస్తాడని మాత్రం అనుకోలేదు.

వాడు ఆమెను గుర్తుపట్టాడు, చెయ్యి నాకాడు. కానీ పాదాల మీద తల పెట్టలేదు. గిన్నెలో పెట్టింది సగం తిని వదిలేసేవాడు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు లేచి, వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, కుడిపక్క ఒక మనిషికి చోటు వదిలి నిలబడేవాడు. ఎంత పిలిచినా అరగంటదాకా కదిలేవాడు కాదు. మొదట్లో మరిచిపోతాడులే అనుకుంది. రెండు నెలలయినా మరవలేదు.

“వాడు మన కుక్క కాదు,” అన్నాడు భర్త ఒకరోజు.

“తెలుసు,” అంది.

ఆపరేటరు అప్పటికి ఇంటికి చేరాడు. వాకరు పట్టుకుని మంచంనుంచి కిటికీదాకా, కిటికీనుంచి మంచందాకా నడుస్తున్నాడు. ఇంకో కుక్కని ఇస్తామంటే వద్దన్నాడట. టైలరమ్మ ఫోను చేస్తే అక్క తీసింది.

“వాణ్ణి తీసుకురానా? పనికి కాదు. ఊరికే ఉంటాడు.”

“తీసుకురండి,” అంది అక్క.

ఆదివారం వెళ్ళింది. ఈసారి సంతకం పెట్టే కాగితం లేదు, ఫోటో తీసేవాళ్ళు లేరు. గుమ్మంలోనే రాగి ముక్కు పైకెత్తాడు. ఆమె పట్టీ వదిలింది. వాడు పరుగెత్తలేదు. నేర్పినట్టే మెల్లగా వెళ్ళి, కుర్చీలో ఉన్న మనిషి ఎడమకాలి పక్కన కూర్చున్నాడు. ఆపరేటరు చెయ్యి గాలిలో కాస్త తడుముకుని, వాడి తల మీద ఆగింది. టైలరమ్మ గిన్నె, దుప్పటి గోడవారన పెట్టి, వాడు రోజుకు ఎంత తింటాడో అక్కకు చెప్పి, వచ్చేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఆపరేటరు మళ్ళీ ఒంటరిగా వీధిలోకి రాలేదు. ఆఫీసుకు రిక్షాలో వెళ్తాడు, అక్క దిగబెడుతుంది. రాగి మూతి నెరిసింది. టైలరమ్మ రెండు నెలలకొకసారి వెళ్ళి, వాడి గోళ్ళు కత్తిరించి, చెవులు శుభ్రం చేసి వస్తుంది. అక్క కుర్చీ వేస్తుంది, ముక్తసరిగా మాట్లాడుతుంది. ఆపరేటరు వాడి కబుర్లన్నీ చెబుతాడు. క్షమించానని ఆయన అనలేదు. అడగాలని ఆమెకూ అనిపించలేదు.