పిడుగుల గుట్ట మీద రైఫిల్ గొలుసు

లారీ మమ్మల్ని గుట్ట కింద దింపేసరికి ఉదయం పదకొండు. పోస్టుకు నాలుగు గంటల నడక. ఎత్తు పదకొండు వేల అడుగులు. ఒక్క చెట్టు లేదు. వీపు మీద ఇరవై కిలోల సామాను, చేతిలో రైఫిల్, ఆ రైఫిల్‌ను నడుము బెల్టుకు కట్టిపడేసే రెండడుగుల ఇనుప గొలుసు. శత్రువు లాక్కుపోకుండా ఆ ఏర్పాటు. మూడు నెలల్లో శత్రువు కనబడనే లేదు. పిడుగులు మాత్రం రోజూ మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేవి.

రాష్ట్రం ఇంకా రెండు కాని రోజులవి. సికింద్రాబాద్‌లో ఈ మాట చెబితే అప్పుడూ నవ్వారు, ఇప్పుడూ నవ్వుతారు. మీకు ఉరుమంటే టీవీ ప్లగ్గు పీకడం. వాన పడితే సీతాఫల్‌మండిలో స్కూటర్ ఆపి చెట్టు కింద దూరడం. పిడుగు పడేది ఆ చెట్టు మీదే అని ఎంత మొత్తుకున్నా మీ చెవికెక్కదు. మిమ్మల్ని అనడమెందుకు, మేమూ అంత తెలివైనవాళ్లమే. కాకపోతే యూనిఫారం వేసుకున్నాం.

మాలో బుర్ర ఉన్నవాడు ఒక్కడే, రేడియో ఆపరేటర్. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ కుర్రాడు, తండ్రి ఫిట్టర్. మెరుపుకూ ఉరుముకూ మధ్య వేళ్లు మడిచి సెకన్లు లెక్కపెట్టేవాడు. ముప్పై లోపు వస్తే బంకర్‌లోకి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు.

"అన్నా, చేతుల మీద ఎంట్రుకలు లేసినయంటే ఇంక సోచాయించకు. ఇనుము దూరం పారేసి, కాళ్లు దగ్గర పెట్టుకొని గొంతుక్కూసో. పండుకోవద్దు సుత," అనేవాడు.

"ఏందిరా, పిడుగుకు సెల్యూట్ గిట్ల కొట్టాల్నా?" అని ఎగతాళి చేసేవాణ్ణి. నేను నాయక్‌ని. నా కింద తొమ్మిది మంది. ఆ పొగరు ఒకటి.

ఏడో వారం. 14:10కి వాన, వడగళ్లు. 14:50కి ఆగింది. ఎండ కూడా వచ్చింది. మూడింటికి శిఖరం మీద కాపలా మారాలి. వంతు ఆపరేటర్‌ది. వాడు గొలుసు విప్పి, రైఫిల్ మూలన పెట్టి, రేడియో ముందు కూర్చుని ఉన్నాడు.

"సార్, జెర ఆగుదం. రేడియోల గరగర ఇంక పోలే. మబ్బు ఈడనే ఉంది."

పోస్టు కమాండర్ సుబేదార్‌ది గోదావరి జిల్లా. మీసం పెద్దది, చెవులు పనిచేయవు. "ఎండ కాస్తుంటే పిడుగేంట్రా? భయమేస్తే భయమేసిందని చెప్పు. పద!"

ఆపరేటర్ నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే ఆగిపోయేవాడు. అన్నాను.

"గొలుసు తగిలించుకో."

15:04. బంకర్ తలుపు దగ్గర నుంచి చూస్తున్నాను. నలభై గజాల దూరం. వాడు తన చేతుల వైపు చూసుకున్నాడు. వెంటనే రైఫిల్ విసిరాడు. అది రెండడుగులు వెళ్లి, తిరిగొచ్చి మోకాలికి తగిలింది. కూర్చోవలసినవాడు నిలబడి గొలుసు కొక్కెం పీకుతున్నాడు. అప్పుడు పడింది.

"ముట్టుకోకండ్రా, షాక్ కొడుతుంది!" అని సుబేదార్ అరిచాడు. అదీ తెలియదు ఆ మహానుభావుడికి. పిడుగు తగిలిన మనిషిలో కరెంటు మిగలదు. ఛాతీ మీద నలభై నిమిషాలు నొక్కాను. వాడు లేవలేదు.

ఆఖరి క్షణం వరకు ఆయుధం వదలలేదని సుబేదార్ రిపోర్టు రాశాడు. సాక్షిగా సంతకం పెట్టింది నేనే. నా అంత పిరికివాణ్ణి ఆ గుట్ట మీద నేను చూడలేదు.

డ్యూటీ ముగిశాక రైలు దిగి, ఇంటికి పోకుండా లాలాగూడ వెళ్లాను. వాడి తండ్రి చర్చి నుంచి అప్పుడే వచ్చి, బైబిల్ బల్ల మీద పెడుతున్నాడు. గోడ మీద ఆ రిపోర్టు నకలు, అద్దం కట్టించి ఉంది.

"బిడ్డా, మావోడు ఆఖరి దాంక తుపాకి ఇడ్వలేదంట గద?"

"ఇడ్వలే, అంకుల్."

"గది సాలు," అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ అద్దం ఇంకా ఆ గోడ మీదే ఉంది. ఉరిమినప్పుడల్లా నాకు కనబడేవి మాత్రం ఆ రెండు చేతులు. కొక్కెం ఊడటం లేదు.