వంకరపోయిన దారం

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది.

మా ఆయన ఉన్నప్పుడు ఇద్దరం బేతంచెర్లలో బండల పనికి పోయేవాళ్లం. అక్కడే ఒకసారి రాతి పెచ్చు ఎగిరి నా ఎడమ కంటికి తగిలింది. ఆ కంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియదు. ఆయన పోయాక కూడా మిగిలిన కుడి కంటితోనే పాలిష్ ఫ్యాక్టరీలో మంచి బండలు ఏరేదాన్ని. అంచును కంటికి ఎదురుగా పెట్టుకుని చూస్తే వెంట్రుకంత వంకరైనా పట్టేసేదాన్ని.

అందుకే పోయిన ఏడు మా వరండాలో బండలు పరుస్తుంటే మేస్త్రీ మీద పడ్డాను.

“ఏమప్పా, ఈ బండల నడుమ సందు పాము మాదిరి పోతాండాది, కనపడల్యా?”

“యాడ అవ్వా? దారం కట్టే పరుస్తాండా.”

“నీ దారమే వంకరగా ఉండాది.”

“లాగి కట్టిన దారం యాడన్నా వంగుతాదా? బండల్ని తిట్టినావు, నన్ను తిట్టినావు, ఇప్పుడు దారాన్ని పట్టుకుంటివి!”

అయినా పట్టుబట్టి రెండు బండలు లేపించాను. పాపం, మళ్లీ పరిచాడు. మళ్లీ అదే వంకర. కింద కూర్చుని సందు వెంట వేలు పెట్టి లాగాను. వేలికి దారి తిన్నగా తగిలింది, కంటికేమో వంగి కనిపించింది. తప్పు వేలిదా, కంటిదా? తలుపు అంచు, కిటికీ ఊచలు, మంచం పట్టె, అన్నీ తడిమి తడిమి చూశాను. భయం తర్వాత వచ్చింది. ముందు మాత్రం వింతగానే ఉండింది.

కూతురు నన్ను కర్నూలు కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. గళ్ల కాగితం చూపించారు, గళ్లు కొన్ని నలిగినట్టు కనిపించాయి. చేతికి పసుపు రంగు మందు ఎక్కించి కంటి లోపల ఫోటోలు తీశారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, ఓపికగా చెప్పింది.

“వయసుతో కంటి వెనక పొర చెడింది అవ్వా. దాని కింద సన్న రక్తనాళాలు పుట్టి కారుతాండాయి. సరిగ్గా చూపు నడుమ ఉంటే కంట్లో సూది వేసేవాళ్లం. నీకు పక్కన ఉండాది కాబట్టి లేజర్‌తో కాల్చి మూసేస్తాం.”

“పోయిన చూపు వస్తాదా?”

“రాదు. ఉన్నది పోకుండా చూస్తాం. కాల్చిన చోట మచ్చ నిలిచిపోతాది, ఆ మేర ఏమీ కనపడదు.”

“ఉన్నది ఒక్క కన్నే తల్లీ.”

“అందుకే నువ్వు కదలగూడదు.”

కంట్లో చుక్కలు వేసి, నా గడ్డం మిషనుకు ఆనించి, కంటి మీద గాజు బిళ్ల పెట్టింది.

“నిప్పు ల్యా, పొగ ల్యా, ఎట్ల కాలుస్తావమ్మా?”

“వెలుగుతోనే అవ్వా. మాట్లాడితే గడ్డం కదులుతాది.”

అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి గానీ నోరు మూసుకున్నాను. పచ్చటి మెరుపులు వచ్చి పడుతున్నాయి. నొప్పి లేదు. కష్టమల్లా ఒకటే. ఏదైనా ఎగిరొస్తే కన్ను పక్కకు తిప్పుకోవడం బండల పనిలో ఒంటికి పట్టిన అలవాటు. ఆ కాసేపు నా ఒంటితో నేనే కొట్లాడాను.

బయటికొస్తే అంతా వంకాయ రంగు చీకటి. “మా, నేను కనపడతాండానా?” అని కూతురు అడిగింది. కనపడలేదు. దాని చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. శానాసేపటికి బొట్టు తెలిసింది, తర్వాత ముక్కు, ఆ తర్వాత ఏడుపు మొహం.

నెల తర్వాత మళ్లీ ఫోటోలు తీసి, కారడం ఆగిందన్నారు. మళ్లీ రావచ్చు కాబట్టి రోజూ గళ్ల కాగితం చూసుకోమన్నారు. మచ్చ మాత్రం ఉంది. ఇంటికొచ్చాక కూతురి ముక్కు వంక చూస్తూ ఉంటే దాని చెవి దగ్గర ఏదో లోటు కనిపించింది.

“నీ కమ్మ యాడబోయింది?”

అది గబుక్కున చెవి పట్టుకుంది. “ఈడనే ఉండాది కదమా!”

కన్ను కాస్త తిప్పితే కమ్మ వచ్చింది, భుజం మీది పమిట పోయింది. మొహం మాత్రం ఎటూ పోలేదు. ఆ పూట దాన్ని పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా మచ్చ ఎంతమేర ఉందో దాని మొహం చుట్టూ కొలుచుకున్నాను.