చిన్నాయన మూడు గుంతల మైదానం

నెల కిందట రక్తపోటు చూపించుకుందామని తిరుపతిలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. రిటైరైనవాళ్ళకు ఆసుపత్రి కూడా ఒక కాలక్షేపమే. ఇనప కుర్చీల్లో కూర్చుని టోకెన్ నంబరు కోసం ఎదురుచూస్తుంటే గోడమీది టీవీలో గోల్ఫ్ ఆట వస్తోంది. ఎవరు పెట్టారో, రిమోట్ ఎవరి దగ్గరుందో తెలియదు. శబ్దం లేదు. తెల్లచొక్కా మనిషి ఒకడు వంగుతాడు, లేస్తాడు, నాలుగడుగులు నడిచి వస్తాడు, మళ్ళీ వంగుతాడు, ఎంతకీ బంతిని కొట్టడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన విసుక్కుని, "ఇదేం ఆటబ్బా, కొట్టేదానికన్నా నడిసేదే ఎక్కువ ఉండాది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా చిన్నమ్మ కూడా ఇంచుమించు ఇదే మాట ఇంతే విసుగ్గా అనేది. టీవీలో ఆ మనిషి కొట్టబోయే బంతి ఎడమవైపుకు జారుతుందని నాకు ముందే తెలిసిపోయింది. జారింది. పక్కకు తిరిగి చెబుదామనుకున్నాను గానీ, ఈ ఆట తెలిసినవాళ్ళు అక్కడ ఎవరున్నారు? ఇంతలో నా నంబరు పిలిచారు. లోపల చూసి, రక్తపోటు కాస్త ఎక్కువే ఉందన్నారు.

మా నాయన తమ్ముడు, నాకు చిన్నాయన, గోల్ఫ్ నేర్పే పంతులు. ఈ సంగతి చెబితే మా చుట్టాల్లో సగంమంది నమ్మేవాళ్ళు కాదు, మిగతా సగంమంది జాలిపడేవాళ్ళు. మాది కుప్పం వైపు. మా తాత రోజూ రైలెక్కి సరిహద్దు అవతలున్న బంగారు గనుల్లో పనికి వెళ్ళేవాడు. ఆ గనుల పక్కనే దొరలు వేసిపోయిన గోల్ఫ్ మైదానం ఒకటి ఉండేది. చిన్నాయన గనిలో దిగనని మొండికేసి, ఆ మైదానంలో ఇసుక చదునుచేసే పనికి చేరాడు. చదునుచేస్తూ చేస్తూ ఆట పట్టుకున్నాడు. చివరికి ఆఫీసర్లకు ఆట నేర్పే మార్కరయ్యాడు. నేర్పేవాణ్ణి అక్కడ మార్కర్ అనే అనేవాళ్ళు. నీళ్ళులేని నేల కనక అక్కడ బంతి పడాల్సిన గుంత చుట్టూ పచ్చగడ్డి పెంచేవాళ్ళు కాదు. ఇసుకలో వాడేసిన ఇంజను నూనె కలిపి, పెనం మీద దోసె తిప్పినట్టు గుండ్రంగా పరిచేవాళ్ళు. దాన్ని బ్రౌన్ అంటారు. దాని మీద కాకి వాలినా గుర్తు పడుతుంది. అందుకని బ్రౌన్ పక్కన ఒక లాగుడుకర్ర ఎప్పుడూ ఉంటుంది. దానితో లాగి, నున్నగా చేసుకుని, అప్పుడు బంతి కొట్టాలి.

గనులు మూతపడ్డాక చిన్నాయన కార్వేటినగరం దగ్గర చిన్నమ్మ పుట్టిన పల్లెకు చేరాడు. వాళ్ళకు పిల్లలు లేరు. చిన్నమ్మ వాటాకొచ్చిన మెట్టచేను ఒకటుంది. వానొస్తే చెనక్కాయలు, రాకపోతే రాళ్ళు. రెండేళ్ళు వరసగా రాళ్ళే పండేసరికి, మూడో ఏడు చిన్నాయన విత్తనాల ఊసెత్తలేదు. చేలో మూడు గుంతలు తవ్వి, పుత్తూరు లారీ షెడ్ల నుంచి నూనె తెచ్చి మూడు బ్రౌన్లు పరిచి, చిన్నమ్మ పాత ఎర్రరవికె చింపి జెండాలు కట్టాడు. ఊళ్ళోవాళ్ళు మొదట చేతబడి అనుకున్నారు, తర్వాత పిచ్చి అనుకున్నారు, ఆ తర్వాత అలవాటుపడిపోయారు. చిన్నమ్మ మాత్రం పొలానికి నీళ్ళకు బదులు నూనె పెట్టే రైతును చూడటం ఇదే మొదలని నాకు ఫోను చేసి మరీ చెప్పింది.

ఆట నేర్చుకోవడానికి మనుషులు రాకపోలేదు. తిరుపతి నుంచి ఒక డాక్టరు తన షుగరు తగ్గుతుందని వచ్చాడు. తగ్గిందో లేదో గానీ ఆయనకు బదిలీ అయింది. ఒక లాడ్జి యజమాని కారులో కొత్త బూట్లు, టోపీ పెట్టుకుని వచ్చి, మొదటి రోజే బంతిని వదిలేసి గాలిని బలంగా కొట్టి నడుము పట్టేయించుకున్నాడు. ఎముకల కట్టుకు పేరుమోసిన పుత్తూరు దారిలోనే ఉండటం ఒక్కటే ఆయనకు కలిసొచ్చింది. నగరి నుంచి మరమగ్గాలాయన ఒకడు బాగా నేర్చుకున్నాడు. చిన్నాయన అతని మీద ఆశపెట్టుకున్నాడు కూడా. ఒక ఉగాది తర్వాత అతనూ రాలేదు. ఎవరొచ్చినా చిన్నాయన ముందురోజే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకునేవాడు. వాళ్ళు రాని రోజున ఆ చొక్కాతోనే ఒక్కడే మూడు గుంతలూ ఆడుకునేవాడు. దూరం నుంచి చూస్తే ఎవరికో దారి చూపిస్తూ నడుస్తున్నట్టే ఉండేది. అది చూసినప్పుడల్లా నాకు బాధేసేది.

చివరికి మిగిలిన శిష్యురాల్ని నేను. అప్పట్లో తిరుపతిలో యూనివర్సిటీ ఆఫీసులో నాకు ఉద్యోగం. ఆదివారం బస్సెక్కి వాళ్ళింటికి పోయేదాన్ని. నిజం చెప్పాలంటే ఆట మీద ప్రేమతో కాదు. మా చుట్టాల్లో నా పెళ్ళి ఊసెత్తని ఇల్లు అదొక్కటే. చిన్నాయన నా చేతికి బంతి కొట్టే కట్టె ఇచ్చి, నేను బలంకొద్దీ ఊపితే తల పట్టుకున్నాడు. లోపలికి పోయి చేట తెచ్చి, కాసిని బియ్యం పోసి చెరగమన్నాడు. చెరిగాను. "బియ్యాన్ని కొడతా ఉండావా? లేదు గదా. మణికట్టు తిరగతా ఉండాది, బియ్యం అదే లేస్తా ఉండాది. గోల్ఫు బాలూ అంతేనమ్మా" అన్నాడు. ఆరోజు నా బంతి మొదటిసారి గాల్లోకి లేచింది. నాకంటే ఆయనకే ఎక్కువ సంతోషం. సాయంత్రం బస్సు దాకా వచ్చి, అది ఎంత ఎత్తు లేచిందో కండక్టరుకు కూడా వర్ణించాడు. చేటలో బియ్యం తక్కువయ్యాయని చిన్నమ్మ నామీద కాదు, ఆయన మీద గొణిగింది.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. ఒక్కరే ఆడినది లెక్కలోకి రాదు. ఎన్ని దెబ్బలకు గుంతలో వేశావో చూసి చెప్పడానికి ఇంకొకరు ఉండాలి. ఒక్క దెబ్బకే బంతి నేరుగా గుంతలో పడటం మహా అరుదు. ఆడేవాళ్ళందరికీ అదే కల. గనుల దగ్గర తను నేర్పిన ఆఫీసర్లకు అలా పడితే చిన్నాయనే సాక్షి. వాళ్ళు విందులు చేసుకునేవాళ్ళు. ఆయనకు మాత్రం ఒక్కసారీ పడలేదు. ముసలితనంలో ఆయన కోరుకున్నది అదొక్కటే, అదీ ఎవరైనా చూస్తుండగా.

పడింది. ఒక బుధవారం పొద్దున, మూడో గుంతలో, చుట్టూ ఎవరూ లేనప్పుడు. ఆదివారం నేను వెళ్ళేసరికి గుమ్మంలోనే చిన్నమ్మ, "మీ చిన్నాయనకు ఒక్క దెబ్బకే పడిందంట పాపా. ఆ పొద్దునుంచీ సరిగ్గా అన్నం తినడంలా" అంది. ఆయన అరుగు మీద కట్టెలు తుడుస్తున్నాడు. నేను సంబరపడబోతే చెయ్యి అడ్డంపెట్టి, "ఎవురూ సూడలేదు గదమ్మా. లేనట్టే లెక్క" అన్నాడు. చిన్నమ్మకు ఒళ్ళు మండింది. గడ్డికి పోయినప్పుడు గట్టుమీద నుంచి తాను చూశానని అప్పటికప్పుడు చెప్పింది. చిన్నాయన నెమ్మదిగా అడిగాడు, బాలు ఎట్లా పోయిందని. నేరుగా పోయి పడిందని చెప్పింది. ఆయన నవ్వి, "నేరుగా పోలేదు. రాయికి తగిలి ఎడంపక్కకి తిరిగి పోయింది" అని మళ్ళీ తుడుచుకోసాగాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏడిస్తేనే బాగుండేదనిపించింది.

మరుసటి రోజు నుంచి చిన్నమ్మ పీట, చేట పట్టుకుని రోజూ పొద్దున్నే మూడో గుంత పక్కకు పోయి కూర్చునేది. ఆటంటే ఇష్టం కలిగి కాదు. ఇంట్లో చేసే పని అక్కడ చేసుకుంటే పోలా అనేది. చలికాలంలో అనపకాయలు ఒలిచేది, నానబెట్టిన గింజలు పితికి పప్పు తీసేది, ఎండాకాలంలో చింతపండు గింజలు తీసేది. ఏళ్ళు గడిచాయి. సాక్షి ఉంది గానీ బంతి పడలేదు. చిన్నాయనకు దూరపుచూపు తగ్గింది. కొట్టాక బంతి ఎటుపోయిందో మమ్మల్నే అడిగేవాడు.

అనపకాయల కాలంలో ఒక ఆదివారం. చిన్నాయన కొట్టాడు. పక్కన నేను నిలబడి చూస్తున్నాను. బంతి బ్రౌన్ మీద దొర్లి దొర్లి గుంతకు జానెడు ఇవతల ఆగిపోయింది. చిన్నమ్మ ఒలవడం ఆపింది. బంతిని చూసింది, మావైపు చూసింది. నింపాదిగా లేచి, కుచ్చిళ్ళు సర్దుకుని, రెండడుగులు వేసి, కాలి బొటనవేలితో దాన్ని గుంతలోకి నెట్టి, వెనక్కి వచ్చి పీటమీద కూర్చుంది. "పాపా, పడిందా?" అన్నాడు చిన్నాయన. పడిందని చెప్పాను.

ఆయన పరుగులాంటి నడకతో పోయి గుంతలో చెయ్యిపెట్టి బంతి తీశాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. తెల్లవారుజామున తనే నున్నగా లాగిన ఇసుక అది. దానిమీద అయిదు వేళ్ళూ స్పష్టంగా పడిన ఆడమనిషి అడుగులు పీటదాకా పోయాయి. దగ్గరివి ఆయనకు బాగానే కనబడేవి. చిన్నమ్మ తలెత్తకుండా కాయలు ఒలుస్తోంది. చిన్నాయన లేచి లాగుడుకర్ర అందుకున్నాడు. గుంత చుట్టూ ఒకసారి, పీటవైపు ఇంకోసారి, ఒక్క గుర్తు మిగలకుండా లాగి, కర్రను దాని చోట పెట్టాడు.

"సూసినావా?" అని చిన్నమ్మను అడిగాడు.

"సూసినా."

ఈసారి బాలు ఎట్లా పోయిందని అడగలేదు. "అయితే లెక్కే" అన్నాడు. సంగటి ఆరిపోతుందని చిన్నమ్మ ముందుగా లేచింది. చేట ఆయన పట్టుకున్నాడు, పీట నేను పట్టుకున్నాను. ఆరోజు పితికిపప్పు పులుసుతో చిన్నాయన కడుపునిండా తిన్నాడు.

ఆ పైఏడు ఆయన పోయాడు, కొన్నాళ్ళకు చిన్నమ్మ. చేలో ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతారు. గోల్ఫ్ సంగతి ఎక్కడైనా ఎత్తితే, మీకెట్లా తెలుసని వింతగా చూస్తారు, ఇంకో మాటలోకి పోతారు. ఆ పొద్దున అక్కడ ఉన్న ముగ్గురిలో నేనొక్కదాన్నే మిగిలాను. అది అలాగే జరిగిందని చెప్పడానికి నాకిప్పుడు ఇంకో మనిషి లేదు, చిన్నాయన పద్ధతిలో చూస్తే లేనట్టే లెక్క. వయసు మీదపడటం అంటే ఇదేనేమో, మనతోపాటు చూసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, మన జ్ఞాపకాలకు మనమే ఒంటరి సాక్షులుగా మిగలడం.