వేడిగోడ పక్కన నా డబ్బా

మా అక్క నర్మద గురించి చెప్పమంటే నాందేడ్‌లో అందరూ ఆమె గది గురించి చెబుతారు. నేను ఆమె మొండితనం గురించి చెబుతాను. దాన్ని అందరికంటే ఎక్కువ భరించినవాణ్ణి నేనే. ఆ మాత్రం హక్కు నాకుంది.

మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్. గుంట భూమి లేని ఇల్లు. నాన్న పోచన్న మోంఢాలో, అంటే ధాన్యం మార్కెట్లో, మొదట బస్తాలు మోశాడు. తర్వాత తూకం వేసే పని దొరికింది. ఆ పని చేసేవాణ్ణి మాపాడి అనేవాళ్లు. దానికొక కట్టుబాటు ఉండేది. తక్కెడ దించేదాకా అమ్మే రైతు ఇచ్చే చాయ్ తాగకూడదు, కొనే సేటు ఇచ్చే చాయ్ తాగకూడదు. సొంతవాళ్ల సరుకైతే అసలు ముట్టకూడదు, ఇంకో మాపాడి వచ్చి తూచాలి. ఒకసారి మా మేనమామ ఇస్లాపూర్ నుంచి కందుల బండి కట్టుకొని పొద్దున్నే వచ్చాడు. ఆ రోజు రెండో మాపాడికి జ్వరం. నాన్న పొద్దుగూకేదాకా బండిని అట్లాగే నిలబెట్టాడు గాని తక్కెడ ముట్టలేదు. అమ్మ ఏడ్చింది. మామ రెండేళ్లు మా గడప తొక్కలేదు. ఆనాడు నాన్న మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ సగం మిగిలే ఉంది. అక్క మాత్రం బండి నీడలో కూర్చొని అంతా చూసింది. చూసి నేర్చుకుంది, నా ఖర్మ!

అక్క పెళ్లయి నాందేడ్ వచ్చింది. 1993లో అక్కడే వజీరాబాద్ పేటలో ఎస్టీడీ బూత్ పెట్టింది. ఆమె వెనకే నేనూ వచ్చి, కేబుల్ టీవీ తీగలు లాగి, కొన్నాళ్లకు అదే తీగ మీద ఇళ్లకు, నెట్ సెంటర్లకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టాను. ఊళ్లో ఈ పని చేసేవాళ్లం ముగ్గురం: నేను, మాణిక్, నిలేశ్. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. స్తంభమెక్కి మాణిక్ తీగ కోసినవాణ్ణి నేనే, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేముంది? వాడు నావి రెండు కోశాడు.

2003 వచ్చేసరికి సెల్‌ఫోన్లు బూత్‌ను మింగేశాయి. ఇంకొకరైతే తలపట్టుకొని కూర్చునేవాళ్లు. అక్క మా ముగ్గురినీ బూత్‌కు పిలిపించింది. ఆ మధ్య ఆమెకొక సంగతి తెలిసింది. మాణిక్ దగ్గర నెట్ తీసుకున్న డాక్టరు ఎక్స్‌రే బొమ్మ పంపితే, నా నెట్ వాడే పక్క గల్లీ ల్యాబ్‌కు అది ముంబై దాకా పోయి తిరిగి వస్తుందని. మా ముగ్గురి తీగలూ ముంబైలో తప్ప ఎక్కడా కలవవు మరి.

"ఏందిరా ఇది? పక్క గల్లీల ఇయ్యాల్సిన చిట్టి ముంబై పోయి అచ్చుడేంది?" అంది అక్క. "ముగ్గురూ మీ నెట్ డబ్బాలు నా బూత్ మీది గదిల పెట్టుండ్రి. ఆడనే ఒకదానికొకటి కలుపుకోండ్రి. కరెంటు నాది, బ్యాటరీలు నావి, ఏసీ నాది, తాళం నాది, కిరాయి మీది. నెట్ మాత్రం నేను అమ్మను. ఎన్నడూ అమ్మను."

"నీ తమ్ముడే మాకు పోటీ ఉండె. నిన్నెట్ల నమ్మాలె నర్మదక్కా?" అన్నాడు మాణిక్.

"అందుకే వాని వంతు అన్నిట్ల ఆఖరికి," అంది అక్క. నేను నవ్వులాట అనుకున్నాను.

నవ్వులాట కాదని డబ్బాలు పెట్టే రోజున తెలిసింది. మాణిక్‌కూ నిలేశ్‌కూ చీటీలు వేయించి ఏసీ ఎదుట జాగా ఇచ్చింది. నాకు చీటీ కూడా లేదు. పడమటి గోడ పక్కన మూల చూపించింది. మధ్యాహ్నం అయిందంటే ఆ గోడ మీద రొట్టె కాల్చుకోవచ్చు. పని నియమాలన్నీ ఒక పలక మీద రాసి గోడకు తగిలించింది. నేను కింది హోటల్ నుంచి చాయ్ తెప్పిస్తే కప్పు పక్కకు జరిపేది.

"తక్కెడ ఇంకా దిగలే తమ్మీ."

ఆ డబ్బాలు రాత్రింబగళ్లు నడుస్తాయి. ఇక తక్కెడ దిగేదెప్పుడు?

అయితే గది నిలబడింది, ఆ మాట ఒప్పుకోవాలి. మూడు డబ్బాల మధ్య మూరెడు తీగ వేసేసరికి ఎక్స్‌రే బొమ్మ రెప్పపాటులో పక్క గల్లీకి చేరింది. స్తంభాల మీద కోతలు ఆగాయి. తర్వాత ఒక కాలేజీ వచ్చింది, ఒక బ్యాంకు వచ్చింది, కిన్వట్ వైపు తీగలు లాగేవాళ్లు వచ్చారు. మూడేళ్లలో గదిలో ఏడు డబ్బాలయ్యాయి.

2007లో పన్నెండో తరగతి ఫలితాలొచ్చిన రోజు నాకు మూడింది. నా తీగ మీద పదకొండు నెట్ సెంటర్లు, అన్నిట్లో పిల్లలు కిటకిటలాడుతున్నారు. సరిగ్గా అప్పుడు అక్క గదిలో కరెంటు పోయింది. జనరేటర్ డీజిల్ గొట్టంలో చెత్త ఇరుక్కొని మొరాయించింది. బ్యాటరీల మీద అన్ని డబ్బాలూ నడిస్తే నలభై నిమిషాలు. నాది ఒక్కటే నడిస్తే సాయంత్రం దాకా. పరుగెత్తుకొని మెట్లెక్కాను.

"అక్కా, మిగిలినోల్లయి బంజెయ్యి! ఒక్క ఇయ్యాల! నీ కాళ్లు మొక్కుత!"

అక్క మాణిక్‌ను పిలిపించి గది తాళంచెవి వాడి చేతిలో పెట్టింది.

"ఈడ నా తమ్ముని సంగతున్నది. నేను ముట్టద్దు. పలక మీదున్నట్టు నువ్వే చెయ్యి."

మాణిక్ పలక చదివాడు. నలభై నిమిషాలూ అందరివీ నడిచాయి, తర్వాత అందరివీ ఆగాయి. గంట తర్వాత జనరేటర్ బాగయ్యాక ఒక్కొక్కటే వరసగా లేపారు. అన్నిటికన్నా చివర నాది. ఆ కాసేపటి దెబ్బకే నాలుగు నెట్ సెంటర్లు నన్ను వదిలి మాణిక్ దగ్గరికి పోయాయి. నేను అక్కతో మాట మానేశాను. దీపావళికి భావుబీజ్ నాడు, అక్కలు తమ్ముళ్లకు ఇచ్చే హారతికి కూడా వెళ్లలేదు. అమ్మ లేని మాకు ఆ పండుగ ఎంత పెద్దదో మాకే తెలుసు.

పండుగ పోయిన వారానికి పుణే నుంచి ప్రాచి అనే మేడం వచ్చింది. ఒక పెద్ద కంపెనీ మనిషి. పుణే నుంచి హైదరాబాద్ దాకా వాళ్లు పెద్ద లైను వేస్తున్నారు. నాందేడ్‌లో ఎవరి పక్షమూ కాని గది దొరికితే అందులో దింపుతారు. దొరకకపోతే సొంత గది కట్టుకుంటారు. అదే జరిగితే అందరూ అక్కడికే పోతారు, అక్క గది ఖాళీ అవుతుంది, మేము మళ్లీ కత్తెరలు పట్టుకొని స్తంభాలెక్కుతాం. మేడం గదిలో డబ్బాలున్నవాళ్లందరినీ ఒక్కొక్కరిగా అడిగింది. చివరికి మెట్ల మీద నా దగ్గర ఆగింది.

"మీరు ఓనర్ తమ్ముడట కదా. మిమ్మల్ని కాస్త ఎక్కువగా చూస్తుందా?" అని హిందీలో అడిగింది.

నాలుగేళ్ల మంట ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. హిందీలోనే మొదలుపెట్టాను గాని, కోపమొస్తే నాకు తెలుగే వస్తుంది.

"ఎక్కువనా? ఏం ఎక్కువ? ఏసీ గాలి అందరికి, నాకు కాలే గోడ! చీటీ అందరికి, నాకు మూల! పిల్లల ఫలితాలనాడు కాళ్లు మొక్కుతనంటే నా దుష్మన్ చేతుల తాళంచెవి పెట్టింది! నాలుగు సెంటర్లు పోయినయి! నాలుగేండ్లాయె, నా చేతి చాయ్ ఒక్క గుటక తాగలే! గిట్లాంటి అక్క పగోనికి గూడ ఉండద్దు!"

పక్కనే ఉన్న మాణిక్ పడీపడీ నవ్వుతూ ప్రతి ముక్కా మేడంకు హిందీలో చెప్పాడు. మేడం తిరిగి గదిలోకి వెళ్లి పడమటి గోడకు అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసుకుంది. కాగితాల మీద ఆ సాయంత్రమే సంతకం చేసింది.

నేను చేసిన ఘనకార్యం నాకు అర్థమయ్యేసరికి అక్క మెట్ల మీద నా పక్కన వచ్చి కూర్చుంది. ఐదు నెలల తర్వాత మా మధ్య మొదటి మాట.

"పొద్దటిసంది నాకు ఒక్కటే బుగులు తమ్మీ," అంది. "అక్కనని నువ్వు నన్ను మెచ్చుకుంటవేమోనని."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడుపే ఎక్కువ. మోంఢాలో పొద్దుగూకేదాకా నిలబడ్డ ఆ కందుల బండి గుర్తొచ్చింది. ఇన్నేళ్లకు నాన్న మీద కోపం ఇంకొంచెం తగ్గింది.

కళ్లు తుడుచుకొని కింది హోటల్‌కు కేకేసి రెండు చాయ్‌లు తెప్పించాను. అక్క తన కప్పును మెల్లగా నా వైపు జరిపి, డబ్బాలు చూసుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

రెండూ నేనే తాగాను.