మా బావ దాచుకున్న గాలి

మా అక్కకు సంబంధం వచ్చినప్పుడు మా నాన్న అడిగిన మొదటి మాట, "కుర్రాడు ఏం చేస్తాడు?" అని.

"గాలి నింపుతాడండీ" అన్నాడు మధ్యవర్తి.

"సైకిళ్ళకా?"

"కాదండీ, తుపాకులకి."

మా నాన్నకు నవ్వాగలేదు. "అయితే ఇద్దరూ గాలి తిని బతుకుతారన్నమాట" అన్నాడు. మా అక్కది ఉడుంపట్టు. చేసుకుంటే ఆయన్నే చేసుకుంటానంది, చేసుకుంది. ఊరంతా ఆయన్ని గాలి మేస్త్రి అనేవాళ్ళు. మరదల్ని కాబట్టి నేను గాలి బావ అనేదాన్ని. ఆ హక్కు నాకు తప్ప ఇంకెవరికీ లేదు.

ఆ తుపాకుల సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. వాటిలో మందుండదు. గుండు వెళ్ళే గొట్టం కింద ఇంకో గొట్టం ఉంటుంది, అందులో గాలి కూరి కూరి పెడతారు. మీట నొక్కితే ఆ గాలి కొంచెం బయటికొచ్చి సీసపు గుండును తోస్తుంది. పక్కనే చిన్న మీటరు, దానికో ముల్లు. ముల్లు పచ్చగీత దిగిందంటే మళ్ళీ నింపుకోవాలి. బావ కొట్టుకు ఎదురుగా అట్టల మీద గురి చూసి కాల్చుకునే క్లబ్బుంది. అక్కడివాళ్ళంతా రోడ్డు దాటి ఈయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

కొట్టంటే ఒకటే గది. కిటికీ కింద బల్ల, బల్లకు బిగించిన పట్టుకారు, సత్తు పళ్ళెంలో రకరకాల రబ్బరు రింగులు. మొదట్లో ఆయన ఆస్తి చేతిపంపు ఒక్కటే. నిలబడి రెండు చేతుల్తో కిందికి నొక్కే పంపు. మొదట్లో తేలిగ్గానే దిగుతుంది గానీ, గాలి నిండేకొద్దీ మొరాయిస్తుంది. కాస్త కొట్టి, కాస్త ఆగి, పంపు చల్లారనిచ్చి మళ్ళీ కొట్టాలి. తొందరపడితే లోపల గాలి పోకుండా ఆపే రబ్బరు సీళ్ళు మాడిపోతాయి. తర్వాత నీళ్ళలో మునిగేవాళ్ళు వీపున కట్టుకునే పెద్ద సిలిండరు కొన్నాడు. దాని ట్యూబు తుపాకికి తగిలించి వాల్వును వెంట్రుకవాసి తెరవాలి, ముల్లు మెల్లగా లేవాలి. ఆ తర్వాత కంప్రెసరు మెషిన్ వచ్చింది. చల్లబరచడానికి దాని పక్కన ఒక బకెట్టు నీళ్ళు, గాలిలో తడిని పీల్చుకునే డబ్బా ఒకటి. అది మొదలైతే గదిలో మాట వినపడదు. మా అక్క దాన్ని సవతి అనేది.

బావ నెమ్మదైన మనిషి. ఆయన గొంతు పెంచడం నేను ఒక్కసారే విన్నాను. ఎవరో తెలివిమంతుడు ఆక్సిజన్ సిలిండరు మోసుకొచ్చి, "ఇదీ గాలేగా, దీంతో నింపేయండి" అన్నాడు.

"ముందు దాన్ని బయట పెట్టు" అని బావ కేకేశాడు. "లోపల జిడ్డు చుక్క తగిలిందంటే పేలిపోయి తుపాకితో పాటు నీ మొహం కూడా ఉండదు. ఆక్సిజన్ రోగికి, తుపాకికి కాదు."

మా అక్క ఆయనకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

మెషిన్ వచ్చినా వాళ్ళ సొంత తుపాకి ఒకటుండేది, దానికి మాత్రం చేతిపంపే. "మెషిన్ గాలికి రుచుండదు" అనేది అక్క. క్లబ్బు సెలవు రోజున పెరట్లో ఖాళీ డబ్బాలు వరసగా పెట్టి కాల్చేది. పంపు తనే కొట్టేది. మనిషి బక్కపలచన, చివరి దెబ్బలకు పిడి దిగేది కాదు. అప్పుడు బావ వెనకాల నిలబడి తన చేతులు ఆవిడ చేతుల మీద వేసేవాడు, ఇద్దరూ కలిసి ఒక్కసారి వంగేవాళ్ళు. పెళ్ళీడుకొచ్చిన కొడుకున్నాడు, ఈ వయసులో సిగ్గులేదా మీకని నేను ఎగతాళి చేస్తే, "నువ్వు కళ్ళు మూసుకోవే" అనేది అక్క.

ఒక రోజు పొద్దున అలాగే ఇద్దరూ కలిసి నింపారు. ఆవిడ ఒక్క గుండూ కాల్చలేదు, సాయంత్రం కాల్చుకుంటానని కొట్టు గోడకు తగిలించి బజారుకు బయల్దేరింది. బస్సుస్టాపులో కూలిపోయింది. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదు.

బావ ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, నన్ను ఓదార్చాడు, నాలుగు రోజులకే కొట్టు తెరిచాడు. గుండె రాయి చేసుకున్నాడన్నారు జనం. నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత చూశాను, పొద్దున తాళం తీయగానే ఆయన మొదటి చూపు గోడమీది తుపాకి మీటరు మీదికే వెళ్తోంది. అక్క నింపిన గాలి అందులో అలాగే ఉంది. ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.

"గాలికి పేరుంటుందా బావా?" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"నీకుండదు. నాకుంటుంది" అన్నాడు.

చలికాలంలో ముల్లు కాస్త దిగింది. చలికి అంతే, ఎండలొస్తే లేస్తుందన్నాడు. ఎండలొచ్చాయి, లేవలేదు. లోపల ఏదో సీలు అరిగింది, ఉండీ లేనట్టు కారుతోంది. సబ్బునురగ రాశాడు, బుడగ కనపడలేదు. మరలు బిగించి చూశాడు, ఆగలేదు. రిపేరు ఆయనకు తెలియక కాదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆయన చెప్పే మాటే అది: లోపలి సీలు మార్చాలంటే ముందు గాలంతా తీసేయాలి. ఇంకో దారి లేదు.

ముల్లు దిగేకొద్దీ బావ కూడా దిగిపోయాడు. అన్నం కెలికి లేచిపోయేవాడు. బల్ల దగ్గర పని పట్టుకుని గోడవైపు చూస్తూ ఉండిపోయేవాడు. "ఈ మనిషి మనకు దక్కడు పిన్నీ" అన్నాడు మా అక్క కొడుకు. తండ్రి దగ్గరే పని నేర్చుకుని కొట్టు చూసుకుంటున్నాడు వాడు. తండ్రిపోలికే, మాట తక్కువ, మనసు మెత్తన.

ఒకరోజు నేను క్యారియరు తీసుకుని వెళ్ళేసరికి బావ చేతులు కడుక్కుని గదిలోకి వస్తున్నాడు. గోడవైపు చూసి ఆగిపోయాడు. ముల్లు లేచింది. నిండుగా, పచ్చగీత పైన ఉంది. ఒక్క క్షణం ఆయన మొహంలో వచ్చిన వెలుగు నేను చచ్చేదాకా మర్చిపోను. పెళ్ళినాటి మొహం అది. తర్వాత దగ్గరికి వెళ్ళి గొట్టం మీద అరచెయ్యి వేశాడు.

వెచ్చగా ఉండి ఉంటుంది. సిలిండరుతో గబగబా ఎక్కిస్తే గొట్టం వేడెక్కుతుంది. ఆయనకు ఆ మాత్రం చాలు.

"ఎంత ఎక్కించావురా?" అన్నాడు.

కొడుకు మూల నిలబడి ఉన్నాడు. "కొంచెమే నాన్నా. నువ్వలా అయిపోతుంటే చూడలేకపోయాను."

నాకు వాణ్ణి కొట్టాలనిపించింది, దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. బావ తుపాకి దింపి, గుండు లేదని చూసుకుని, బల్లమీద పట్టుకారులో బిగించాడు. గాలి తీసే మర మీద రెంచి పెట్టాడు.

"బావా, ఆగు. ఇంకా అక్కది కూడా ఉందిగా అందులో" అన్నాను.

"ఉంది. ఏది దానిదో తెలియదుగా ఇప్పుడు."

మర తిప్పాడు. గాలి బుస్సుమని బయటికి రావడం మొదలైంది. ఆయన ఎడమచెయ్యి కాస్త దూరంగా దానికి అడ్డం పెట్టి నిలబడ్డాడు. "చల్లగా ఉంది, పెట్టి చూడు" అన్నాడు నాతో. పెట్టాను. నిజంగానే చల్లగా ఉంది. ఆయన అన్ని నెలలు కాపలా కాసిన గాలికి, కాఫీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు పోవడానికి. చప్పుడు సన్నబడింది, ఆగింది. ముల్లు సున్నా మీద పడుకుంది. అయినా ఆయన చెయ్యి అక్కడే ఉంచాడు.

"నాన్నా, సీలు నేను మార్చనా?" అన్నాడు కొడుకు, భయం భయంగా.

బావ వాడివైపు తిరిగాడు. మొహమంతా తడిసిపోయి ఉంది. ఆస్పత్రి నుంచి ఇప్పుడే పరుగెత్తుకొచ్చిన మనిషిలా వాడి భుజం పట్టుకున్నాడు.

"ఒరే, మీ అమ్మ పోయిందిరా" అన్నాడు.

"అవును నాన్నా" అన్నాడు వాడు.