ఎవరూ చదవకూడని వ్యాసం

మందుల కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడని విద్యార్థులు డోసు మేడం అంటారు. కొలత తప్పితే మందే విషమవుతుందని రోజుకోసారైనా అనకపోతే ఆవిడకి తోచదు. ఆవిడ పేరుతో అచ్చైన వ్యాసం ఒక్కటే: కొత్తగా వచ్చిన ఫిట్స్ మందు పసిపిల్లలకి ఎంతెంత ఇవ్వాలో చెప్పేది. "దాన్ని చదివింది నువ్వూ, అచ్చుతప్పులు దిద్దినాయనా" అని భర్త ఏడిపించేవాడు. ఎవరైనా తమ వ్యాసంలో తన పేరు ఉదహరించకపోతారా అని పాపం ఆవిడ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది.

ఆ పొద్దున క్లాసులో అందులోని పట్టికని బోర్డు మీదికి ఎక్కిస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఒకటిన్నర ఉండాల్సిన చోట పదిహేను ఉంది. ఒకటికీ అయిదుకీ మధ్య పాయింటు ఎగిరిపోయింది. అచ్చువాళ్లని తిట్టిపోద్దామంటే తను పంపిన కాపీలోనూ అంతే. వ్యాసం వేసిన పత్రికకి ఫోన్ చేస్తే సవరణ వచ్చే సంచికలో వేస్తామన్నారు, అదీ మూడు నెలలకి.

ఈలోగా ఆ అంకెని ఎవరు వాడుకున్నారో తెలియాలి. ఏ వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో చెప్పే సూచికకి కాలేజీ ఎప్పుడో చందా కట్టడం మానేసింది. లైబ్రేరియన్ చేతులెత్తేశాడు. ఆవిడే కంప్యూటర్ ముందు కూర్చుని, వ్యాసం పేరు మొత్తం కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఉచితంగా దొరికే సెర్చిలో కొట్టింది. ఇద్దరు తేలారు. ఇద్దరూ మొదటి పేరాలో ఆవిడ పేరు చెప్పి ఊరుకున్నారు, అంకె జోలికి పోలేదు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన పేరు కనబడినా సంతోషమన్నది లేదు. ఇంకెవరూ ఉండకూడదని దణ్ణం పెట్టుకుంది. అయినా మనసొప్పక, పట్టిక కింద తను రాసిన వాక్యాన్నే పొల్లుపోకుండా కొట్టి చూసింది. ఏ సూచికకీ ఎక్కని కాగితం ఒకటి బయటపడింది. ఎక్కడో ఒక చిన్న పిల్లల ఆస్పత్రి ఈ మధ్యే తన డాక్టర్ల కోసం రాసుకున్న సూచనలు. అడుగున ఆవిడ పేరు, పైన పదిహేను.

అందులో ఉన్న నంబరుకి చేస్తే, ఫోన్ ఎత్తిన డాక్టరు ఆవిడ పేరు వినగానే పొంగిపోయాడు. ఆ పట్టికని వార్డు గోడకి అంటించామన్నాడు.

"ముందు దాన్ని పీకేయండి. పదిహేను కాదు, ఒకటిన్నర. ఎవరికైనా ఇచ్చారా?"

అవతల రిజిస్టరు పేజీలు తిరగేసిన చప్పుడైంది.

"ఒక పాపకి. ఇందాకే."

"ఎలా ఉంది?"

పరిగెత్తుతున్న చెప్పుల చప్పుడు వినబడింది. "నిద్రపోతోంది మేడం."

"అది నిద్ర కాదు. లేపండి. ఊపిరి చూడండి. ఫోన్ పెట్టకండి."

ఎవరో ఆక్సిజన్ తెమ్మని కేకేశారు. ఏదో బండి గడగడా తోసుకొచ్చారు. డోసు మేడం ఫోన్ని చెవికి అదిమిపట్టుకుని, ఏడు తల్లీ, ఒక్కసారి ఏడు అనుకుంటూ నిలబడింది. చాలాసేపటికి ఒక పసిగొంతు, సన్నగా, కోపంగా, కెవ్వుమంది.

ఆవిడ కుర్చీలో కూలబడి, ఆ పాపతో పాటు తనూ ఏడ్చింది.