కానుగ చెట్ల కింద గీసిన బొమ్మ

నా చిన్నప్పుడు మా అమ్మకు కడుపులో ఆపరేషన్ చేశారు. తంబళ్లపల్లె దగ్గరి మా ఊరి నుంచి బస్సులో తీసుకొచ్చి మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. పిల్లలను వార్డులోకి రానిచ్చేవారు కాదు. మా అవ్వ లోపల అమ్మకు తోడుంటే, నేను పగలంతా పక్కనున్న నర్సింగ్ స్కూలు తోటలో కూర్చునేదాన్ని.

వేరుశెనగ చేలూ, గొర్రెలూ, ఎండా తప్ప ఎరగని నాకు అంత చల్లటి నీడ కొత్త. ఎటు చూసినా కానుగ చెట్లే. స్కూలు రాతి కట్టడం వరండాలో, గోడ పొడుగునా, అక్కడ చదివి వెళ్లిన నర్సుల పాత ఫోటోలుండేవి. తెల్లచీరల్లో బిగుసుకుని నిలబడ్డ ఆ అక్కలను చూస్తూ పొద్దుపుచ్చేదాన్ని. వార్డుకు తోటవైపున్న కిటికీలోంచి మాత్రం అమ్మ మంచం కనిపించేది. అక్కడికెళ్తే ఏడుపొచ్చేది.

ఒక మధ్యాహ్నం, అందరూ పెద్ద సిస్టరు అని పిలిచే టీచరమ్మ తన విద్యార్థులను చెట్ల కిందికి తీసుకొచ్చింది. తలా ఒక కానుగాకు ఇచ్చి బొమ్మ గీయమంది. వాళ్లు చకచకా గీసేశారు. ఆమె అన్నీ చూసి నవ్వింది.

“ఇవన్నీ మీకు తెలిసిన ఆకులు. మీ సేతిలో ఉండే ఆకు యాడమ్మా? దీనికి పురుగు కొట్టిన బొక్క ఉండాది, ఎవురూ గీయలేదే! పేషెంటును గూడా ఇట్టనే సూస్తారా?”

తర్వాత నన్ను పిలిచి కాగితం, పెన్సిలు ఇచ్చింది. నేను కిటికీ దగ్గరికెళ్లి అమ్మను గీశాను. ఆ బొమ్మ చూడగానే ఆమె ముఖంలో నవ్వు పోయింది.

“మీయమ్మ నోట్లో ఏంది పాపా ఇది?”

“కొంగు. నొప్పొస్తే కరుచుకుంటాది.”

“మాకు బాగుండానని సెప్తాండాదే!”

“బాగుండానంటే బిరీన ఇంటికి పంపిస్తారంట. నేను ఈడ ఒక్కదాన్నే కూర్చోనుండాను గదా.”

మర్నాడే అమ్మను ఇంటికి పంపాలనుకున్నారు. పెద్ద సిస్టరు గబగబా లోపలికి వెళ్లింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె అమ్మను ఏమీ అడగలేదు. మంచం అంచున కూర్చుని, నుదుటి చెమట తుడిచి, నోట్లోని కొంగును మెల్లగా బయటికి తీసింది. అంతే, అమ్మ భోరుమంది. డాక్టరమ్మ వచ్చి చూస్తే లోపల చీము పట్టి ఉందట. ఆ సాయంత్రమే మళ్లీ ఆపరేషన్ చేశారు.

అమ్మ దాచిన సంగతి చెప్పేశానని నాకు లోలోపల భయం. అమ్మ తేరుకున్నాక పెద్ద సిస్టరే నా చెయ్యి పట్టుకుని వార్డులోకి తీసుకెళ్లింది. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, “నీ కండ్లకు దండం పెట్టల్లమ్మా” అంది. ఆ చెయ్యి ఎంత సన్నబడిపోయిందో నాకు అప్పుడు తెలిసింది.

నేను నర్సును కాలేదు. అంగన్‌వాడీలో పసిపిల్లల మధ్య బతుకు గడిపాను. జ్వరమొచ్చిన బిడ్డ తల్లినైనా, కాపురానికి వెళ్లొచ్చిన పక్కింటి పిల్లనైనా ఎలా ఉన్నావని అడిగితే, బాగుండాననే అంటారు. ఆ మాటను నేను కాదనను. అది విన్నాక కూడా లేచి వెళ్లిపోకుండా, ముఖం చూస్తూ కాసేపు వాళ్ల పక్కనే కూర్చుంటాను.